వట్టి చేతుల విడుదల విడుదలేనా? పారిశుద్ధ్య యంత్రములు, కార్మికుని జీవనోపాధి, సంఘ బాధ్యత

ఉపోద్ఘాతము

కొన్ని సంవత్సరముల క్రితము మేము పరిచర్య చేస్తున్న పట్టణములోని మునిసిపాలిటీకి డ్రైనేజీ శుభ్రము చేసే జెట్టింగ్ యంత్రము ఒకటి వచ్చింది. మా సంఘ సభ్యులలో సగమునకు పైగా పారిశుద్ధ్య కార్మికుల కుటుంబములవారే. కనుక ఆ ఆదివారము ఆరాధనలో ప్రత్యేక కృతజ్ఞతా ప్రార్థన చేశాము. ఇకమీదట మన బిడ్డలెవ్వరూ మురుగు గోతిలోనికి దిగనవసరము లేదని చెప్పి దేవుని స్తుతించాము. స్త్రీలు కొంగులతో కళ్ళు తుడుచుకొన్నారు. వారిలో భర్తను మ్యాన్‌హోల్‌లో పోగొట్టుకొన్న సహోదరి కూడా ఉన్నది.

ఆరు నెలలు గడిచిన తరువాత, ఆనాడు ముందు వరుసలో మోకరించిన సహోదరుడొకరు ఒక సాయంకాలము మా ఇంటికి వచ్చాడు. చాలాసేపు గుమ్మము దగ్గరే నిలబడి చివరకు ఇలా అన్నాడు: "అయ్యగారూ, మిషను వచ్చినందుకు మీరు ప్రార్థన చేశారు. మంచిదే. గోతిలో దిగే బాధ తప్పింది. కానీ ఇప్పుడు నాకు పనే లేదు. మిషను నడిపేవాడు కాంట్రాక్టరు గారి ఊరివాడు. గొట్టము పట్టుకోవడానికి కూడా నన్ను పిలవడము లేదు. దీని కోసము కూడా ప్రార్థన చేస్తారా?"

మాకు వెంటనే జవాబు దొరకలేదు. యంత్రము కొరకు దేవుని స్తుతించిన మేము, దానిని ఎవరు నడుపుతారని మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళి ఒక్కసారియైనా అడగలేదు. ఈ వ్యాసము ఆ సహోదరుని ప్రశ్నకు మేము ఆలస్యముగా ఇస్తున్న జవాబు.

తక్కువ జీతముతో సేవలు చేసేవారి స్థానములో యంత్రములు, రోబోలు రావడము నేడు అనేక రంగములలో జరుగుచున్నది. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయిన తరువాత టోల్ గేటు వద్ద చేయి చాచి డబ్బు తీసుకొనే మనిషి అవసరము తగ్గిపోయింది. మెట్రో స్టేషన్లలో టికెట్టును యంత్రము ఇస్తున్నది. అయితే అన్ని రంగములను గూర్చి వ్రాయుట మా ఉద్దేశము కాదు. తెలుగు సంఘములకు మిక్కిలి సమీపముగా ఉన్న పారిశుద్ధ్య పనిని మాత్రమే తీసుకొని మూడు ప్రశ్నలను పరిశీలించుదము. యంత్రము మనిషిని దేని నుండి విడిపిస్తున్నది? విడుదల పొందినవాడు ఎక్కడికి వెళ్ళుచున్నాడు? ఈ విషయములో వాక్యము మన నుండి ఏమి కోరుచున్నది?

1. యంత్రము దేని నుండి విడిపిస్తున్నది?

మురుగు గోతిలో మరణము ఎలా సంభవిస్తుందో కాపరులు తెలుసుకొనుట అవసరము. మూసి ఉంచిన గోతిలో మలినములు కుళ్ళినప్పుడు హైడ్రోజన్ సల్ఫైడు, మీథేను మొదలైన వాయువులు పుట్టి, ప్రాణవాయువు తగ్గిపోతుంది. హైడ్రోజన్ సల్ఫైడు కొద్దిగా ఉంటే కుళ్ళిన గ్రుడ్ల వాసన వస్తుంది. ఎక్కువగా ఉంటే వాసన పట్టే శక్తినే అది చంపివేస్తుంది. వాసన లేదు కదా అనుకొని దిగినవాడు క్షణములలో స్పృహ తప్పి పడిపోతాడు. అతనిని లాగుటకు దిగిన రెండవవాడు, అతని వెనుక మూడవవాడు అదే విధముగా పడిపోతారు. ఒకే గోతిలో ఇద్దరు, ముగ్గురు చనిపోయారని మనము తరచుగా చదువుటకు కారణమిదే. 2016 ఆగష్టులో హైదరాబాదు మాదాపూర్‌లోని అయ్యప్ప సొసైటీలో నలుగురు అలాగే చనిపోయారు. 2019 నుండి 2023 వరకు ఐదు సంవత్సరములలో మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రము చేస్తూ దేశములో 377 మంది మరణించినట్లు కేంద్ర ప్రభుత్వము పార్లమెంటులో తెలిపింది.

చట్టము లేక ఇది జరుగుచున్నదని అనుకొనరాదు. చేతులతో మలము ఎత్తే పనిని 1993 నాటి చట్టము నిషేధించింది. 2013 నాటి చట్టము మరి కొంత ముందుకు వెళ్ళి, రక్షణ సామగ్రి లేకుండా మురుగు కాలువలోనికి గాని సెప్టిక్ ట్యాంకులోనికి గాని మనిషిని దింపుటను నేరముగా చేసింది. మొదటిసారి ఈ నేరము చేసినవారికి రెండు సంవత్సరముల వరకు జైలు గాని, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధించవచ్చును. 2014 మార్చిలో సుప్రీంకోర్టు మృతుల కుటుంబములకు 10 లక్షల రూపాయల పరిహారమును నిర్ణయించింది. 2023 అక్టోబరులో దానిని 30 లక్షలకు పెంచింది. 2025 జనవరిలో హైదరాబాదుతో సహా ఆరు మహానగరములలో మనుషులచేత మురుగు కాలువలు శుభ్రము చేయించుటను ఆపివేయవలెనని ఆదేశించింది. ఈ చట్టముల వెనుక కార్మికుల పోరాటమున్నది. కోలారు బంగారు గనుల ప్రాంతములో 1966లో పాకీపని చేసే కుటుంబములో పుట్టిన బెజవాడ విల్సన్ గారు సఫాయి కర్మచారి ఆందోళన్ ద్వారా దశాబ్దముల తరబడి చేసిన కృషికి 2016లో రామన్ మెగసెసె పురస్కారము లభించింది.

ఇక యంత్రము సంగతి. 2015 నవంబరులో కేరళలోని కోజికోడ్ నగరములో మ్యాన్‌హోల్‌లోనికి దిగిన ఇద్దరు ఆంధ్ర కార్మికులు ఊపిరాడక పడిపోయారు. ఆ దారిన పోవుచున్న ఒక ఆటో డ్రైవరు వారిని కాపాడుటకు దిగి తానును మరణించాడు. వారు అతని ఊరివారు కారు, అతని భాషవారు కారు, అతని మతస్థులు కారు. మంచి సమరయుని ఉపమానమును బోధించే మనము ఈ సంగతిని మరువరాదు. ఈ దుర్ఘటనచే కదిలించబడిన కొందరు కేరళ యువ ఇంజనీర్లు జెన్‌రోబోటిక్స్ అను సంస్థ ద్వారా 2018లో 'బ్యాండికూట్' అను రోబోను తెచ్చారు. బ్యాండికూట్ అనగా పందికొక్కు. ఆ ఆంగ్ల పదము మన తెలుగు పందికొక్కు నుండే పుట్టినది. ఈ రోబోలో ఒక భాగము గోతి పైన నిలుస్తుంది. కాళ్ళు, చేయి, కెమెరాలు, దీపములు, వాయువులను పసిగట్టే పరికరములు గల రెండవ భాగము లోపలికి దిగి మట్టిని బకెట్టుతో ఎత్తుతుంది. నడిపేవాడు రోడ్డు మీద నిలబడి తెర మీద చూస్తూ దానిని నడుపుతాడు.

హైదరాబాదులో జలమండలి 2017లో 70 చిన్న జెట్టింగ్ యంత్రములను ప్రవేశపెట్టింది. పెద్ద లారీలు పోలేని ఇరుకు సందులలోనికి ఇవి పోగలవు. నీటిని గొప్ప ఒత్తిడితో చిమ్మి అడ్డుపడిన మురుగును కదిలిస్తాయి.

కావున మొదటి ప్రశ్నకు జవాబు స్పష్టము. ఈ యంత్రము మనిషిని మరణము నుండియు, మరణము కంటె తక్కువ కాని అవమానము నుండియు విడిపిస్తున్నది. దేవుని స్వరూపమందు చేయబడినవానిని గొంతువరకు మలములో నిలబెట్టే పని ఏ పేరుతోను నిలువకూడదు. పని పోతుంది కనుక యంత్రము వద్దు అని ఈ విషయములో ఎవరైనా అంటే మేము ఒప్పుకొనము.

2. విడుదల పొందినవాడు ఎక్కడికి వెళ్ళాడు?

మా సంఘ సహోదరుడు మునిసిపాలిటీ పర్మినెంటు ఉద్యోగి కాదు. కాంట్రాక్టరు క్రింద, పిలిచిన రోజున వెళ్ళి కూలి తీసుకొనేవాడు. మస్టరులో అతని పేరు కొన్ని నెలలు ఉండేది, కొన్ని నెలలు ఉండేది కాదు. కనుక యంత్రము వచ్చినప్పుడు అతనిని ఎవరూ పనిలో నుండి తీసివేయనవసరము లేకపోయింది. పిలవడము మానివేశారు, అంతే. తీసివేసినట్లు కాగితము లేదు కనుక పరిహారమడుగుటకు ఆధారము కూడా లేదు. యంత్రము నడుపుటకు హెవీ లైసెన్సు కావలెను, కొంచెము చదువు కావలెను. ఇరువది యేండ్లు గోతులలో దిగినవానికి ఆ రెండును లేవు. అయితే ఏ వీధిలో పైపు ఎటు తిరుగుతుందో, ఏ గోతిలో వాన తరువాత మట్టి పేరుకొంటుందో ఆ పట్టణములో అతనికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఆ జ్ఞానమునకు టెండరు కాగితములో ఖాళీ గడి లేదు.

ఇక్కడ ఒక భేదము చూడవలెను. గోతిలో దిగే పనిని మాన్పించే యంత్రము ఒకటి. రోడ్లు ఊడ్చే యంత్రము మరొకటి. హైదరాబాదు వంటి నగరములలో ఫ్లైఓవర్ల మీద, పెద్ద రోడ్ల మీద రాత్రివేళ ఊడ్చే యంత్రములు తిరుగుట మనము చూస్తున్నాము. వాహనముల నడుమ చీపురు పట్టుకొని నిలబడే ప్రమాదము, ధూళి వలన కలిగే రోగము దీని వలన కొంత తప్పుతాయనుట నిజమే. అయితే ఊడ్చే పనిలో ఉన్నవారు అధికముగా స్త్రీలు. వారిలో అనేకులు విధవరాండ్రు, ఇంటిని ఒక్క చేతితో నడిపేవారు. గోతి యంత్రము మొదట ప్రాణమును కాపాడుతుంది. ఊడ్చే యంత్రము మొదట జీతముల ఖర్చును మిగులుస్తుంది. రెండింటికీ ఒకే కృతజ్ఞతా ప్రార్థన చేయుట తగదు.

ఇటువంటిది తెలుగు సంఘములకు మొదటిసారి కాదు. మన తాతల కాలములో బావుల నుండి పొలములకు నీరు తోడే మోటలకు తోలు తిత్తులు మాదిగవారు కుట్టి ఇచ్చేవారు. చెప్పులు, వారులు, తాళ్ళు వారి చేతిపనియే. దానికి బదులుగా కళ్ళములో ధాన్యము కొలిచి ఇచ్చేవారు. కరెంటు మోటార్లు వచ్చాయి, మోట పోయింది. ఫ్యాక్టరీ చెప్పులు వచ్చాయి, కుట్టిన చెప్పు పోయింది. ఎద్దుల భారము తగ్గింది, రైతు పంట పెరిగింది. కాని తిత్తి కుట్టినవాని చేతిలో మోటారు పెట్టినవారెవరూ లేరు. మా సంఘ పెద్దలలో కొందరి తండ్రులు అప్పుడే పల్లె విడిచి మునిసిపాలిటీ చీపురు పట్టారు. ఇప్పుడు ఆ చీపురు స్థానములోనికి మరొక యంత్రము వస్తున్నది. మూడు తరములలో రెండవసారి అదే కుటుంబము వట్టి చేతులతో నిలబడుచున్నది.

ఇది ఇలాగే జరగవలెనన్న నియమము లేదు. హైదరాబాదు యంత్రములను నడిపే బాధ్యతను దళిత పారిశ్రామికవేత్తల సంఘమైన డిక్కీ తోడ్పాటుతో చిన్న యజమానులకు అప్పగించారు. ఈ పద్ధతిని చూచి 2019 ఫిబ్రవరిలో ఢిల్లీ ప్రభుత్వము 200 యంత్రములను ప్రవేశపెట్టినప్పుడు, ఈ పనిలో ఉన్న కుటుంబములవారు యంత్రమునకు యజమానులగునట్లు బ్యాంకు ఋణమును, పని కాంట్రాక్టును కలిపి ఏర్పాటు చేశారు. బ్యాండికూట్ తయారుచేసినవారు కూడా గతములో గోతులలో దిగినవారికే నడిపే శిక్షణ ఇస్తున్నామని చెప్పుచున్నారు. ఈ ఏర్పాట్లు సంపూర్ణమైనవని మేము అనుట లేదు. యంత్రములు వచ్చి నాలుగు సంవత్సరములైన తరువాత, 2021 ఆగష్టులో, హైదరాబాదు సాహెబ్‌నగర్‌లో ఒక కాంట్రాక్టరు క్రింద రాత్రివేళ మ్యాన్‌హోల్‌లోనికి దిగిన ఇద్దరు కార్మికులు మరణించారు. యంత్రము ఉన్నంత మాత్రమున మనిషిని దింపుట ఆగదు. మనిషి యంత్రము కంటె చవుకగా దొరికినంత కాలము ఎవరో ఒకరు దింపుతారు. అయినను యంత్రము ఎవరి చేతిలో ఉండవలెనన్నది ముందుగా నిర్ణయించదగిన సంగతియే అని ఈ ఉదాహరణలు చూపుచున్నవి.

3. వాక్య పరిశీలన: 'రేకామ్' అను మాట

హెబ్రీ భాషలో 'రేకామ్' అను ఒక క్రియావిశేషణము కలదు. 'వట్టిగా, వట్టి చేతులతో' అని దాని అర్థము. పాత నిబంధనలో ఈ మాట వచ్చిన కొన్ని చోట్లను వరుసగా చూచిన యెడల ఒక బోధ స్పష్టమగుచున్నది.

మొదటిది, ఆదికాండము 31:42. యాకోబు ఇరువది సంవత్సరములు లాబాను యొద్ద పనిచేశాడు. లాబాను అతని జీతమును మాటిమాటికి మార్చాడు. దేవుడు తన పక్షమున ఉండని యెడల మామ తనను వట్టి చేతులతో పంపివేసి యుండేవాడని యాకోబు అతని ముఖము మీదనే చెప్పాడు. కష్టపడినవానిని ఏమియు లేకుండ పంపుట లాబాను పద్ధతి. దానికి అడ్డుపడినవాడు దేవుడు.

రెండవది, నిర్గమకాండము 3:21-22. ఐగుప్తు నుండి ఇశ్రాయేలీయులను విడిపించెదనని చెప్పిన దేవుడు, వారు వట్టి చేతులతో వెళ్ళరని కూడా అదే చోట చెప్పాడు. అనగా విడుదలను గూర్చిన వాగ్దానములోనే, విడుదల పొందినవారి చేతిలో ఏముండవలెనన్నది ఇమిడి యున్నది. ఇటుకల పని పోవుట ఒక్కటే విడుదల అయితే ఈ వాక్యము అవసరము లేదు.

మూడవది, ద్వితీయోపదేశకాండము 15:12-18. ఇది మన అంశమునకు ఆయువుపట్టు. ఆరు సంవత్సరములు సేవ చేసిన దాసుని ఏడవ సంవత్సరమున విడిచిపెట్టవలెను. నిర్గమకాండము 21:2లో కూడా ఈ ఆజ్ఞ ఉన్నది. అక్కడ అతడు ఏమియు చెల్లించకుండ వెళ్ళవచ్చునని మాత్రమే ఉన్నది. ద్వితీయోపదేశకాండము దానికి రెండు సంగతులను చేర్చినది. ఒకటి, పంపునప్పుడు వట్టి చేతులతో పంపరాదు. మందలో నుండి, కళ్ళములో నుండి, ద్రాక్ష గానుగలో నుండి ధారాళముగా ఇవ్వవలెను. రెండు, దాసికిని ఇదే నియమము. మందలోని గొఱ్ఱె పిల్లలు పెట్టును. కళ్ళములోని ధాన్యము విత్తనమగును. కావున ఇచ్చునది ఆ పూట భోజనము కొరకైన దానము మాత్రమే కాదు, తిరిగి నిలబడుటకు పెట్టుబడి. ఇచ్చుటకు రెండు కారణములు కూడా చెప్పబడినవి. యజమానుడు తన పితరుల దాస్యమును జ్ఞాపకము చేసికొనవలెను. మరియు అతనికి కలిగిన ఆశీర్వాదములో ఆ దాసుని కష్టము ఉన్నదని 18వ వచనము గుర్తుచేయుచున్నది.

నాలుగవది, ద్వితీయోపదేశకాండము 16:16. పండుగలలో యెహోవా సన్నిధికి వట్టి చేతులతో రాకూడదు. ఈ వచనమును కానుకల ఆదివారమున మనము ఎన్నిసార్లు చెప్పియున్నామో లెక్కలేదు. దానికి ముందరి అధ్యాయములోనే అదే మాటతో పనివానిని గూర్చి చెప్పబడినదానిని ఎన్నిసార్లు చెప్పియున్నాము? వట్టి చేతులతో నా యొద్దకు రావద్దన్న దేవుడే, వట్టి చేతులతో పనివానిని పంపవద్దన్నాడు. రెండవదానిని విడిచి మొదటిదానినే పట్టుకొను సంఘము సగము వాక్యమునే బోధించుచున్నది.

ఐదవది, రూతు గ్రంథము. 1:21లో నయోమి తాను వట్టి చేతులతో తిరిగి వచ్చితినని విలపించినది. 3:17లో రూతు అత్త యొద్దకు వట్టి చేతులతో పోకూడదని బోయజు ఆరు కొలల యవలను ఇచ్చాడు. మొదటి అధ్యాయములోని మాట తిరిగి మూడవ అధ్యాయములో రావడము యాదృచ్ఛికము కాదని మా అభిప్రాయము. ధర్మశాస్త్రములో ఆజ్ఞగా ఉన్నది బోయజు చేతిలో కార్యమైనది.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. మునిసిపల్ కార్మికుడు దాసుడు కాడు, అతడు పౌరుడు. ప్రాచీన ఇశ్రాయేలు చట్టమును యథాతథముగా తెచ్చి నేటి టెండరు మీద అతికించుట వ్యాఖ్యానము కాజాలదు. అయినను ఆ చట్టము వెనుకనున్న న్యాయము నేటికిని నిలిచి యున్నది. ఒకని శ్రమ వలన మేలు పొందినవారు, ఆ శ్రమ అవసరము తీరిన దినమున అతనిని వట్టి చేతులతో పంపరాదు. మరి నేడు యజమానుడు ఎవరు? మునిసిపాలిటీయా, కాంట్రాక్టరా? వారితోపాటు, ఇంటిలో నీరు వదలి అది ఎక్కడికి పోవుచున్నదో ఎన్నడును అడగని మనమందరము.

4. కొన్ని అభ్యంతరములు

"ఏ పిలుపులో పిలువబడితే ఆ పిలుపులోనే ఉండుమని పౌలు చెప్పలేదా?" అని కొందరు అడుగుదురు. 1 కొరింథీయులకు 7:20 నిజమే. కాని దాని తరువాతి వచనములో, స్వతంత్రుడగుటకు అవకాశము కలిగినప్పుడు దానిని వినియోగించుకొనుమన్న బోధ ఉన్నది. అన్ని పనులు దేవుని దృష్టిలో సమానమని చెప్పి మలమెత్తే పనిని కొన్ని ఇండ్ల పిల్లలకే అప్పగించుట శ్రమ గౌరవము కాదు. ప్రభుత్వము 2024లో వెల్లడించిన వివరముల ప్రకారము, నమోదైన సుమారు 38,000 మంది మురుగు, సెప్టిక్ ట్యాంకు పనివారిలో 68.9 శాతము షెడ్యూల్డు కులములవారే. పనులన్నియు సమానమైతే ఈ లెక్క ఇలా ఉండదు.

"టెండర్లు, లైసెన్సులు సంఘము పని కాదు, సువార్తయే మన పని" అనునది రెండవ అభ్యంతరము. దీనికి మన చరిత్రయే జవాబు చెప్పుచున్నది. 1876-78 నాటి కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగపు త్రవ్వకపు కాంట్రాక్టును తానే తీసుకొన్నారు. తన బోధకులను పనిమీద మేస్త్రీలుగా నియమించారు. ఇతర చోట్ల మేస్త్రీల మోసమునకు, దెబ్బలకు గురైన పేదలు అక్కడ పూర్తి కూలి పొందారు. కూలి కొరకు విశ్వాసులైనారన్న మాట రాకూడదని ఆ కాలములో ఆయన బాప్తిస్మములు ఇవ్వలేదు. కరవు తీవ్రత తగ్గిన తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ సంఖ్యను మనము వార్షికోత్సవములలో చెప్పుకొందుము. దాని ముందున్న కాంట్రాక్టును కూడా చెప్పుకొనవలెను. కాంట్రాక్టు ఎవరి చేతిలో ఉన్నదన్నది అన్నము ఎవరి నోటికి చేరునో నిర్ణయించునని ఆయనకు తెలుసు.

5. సంఘము చేయగలిగినవి

మొదట మన ఆవరణతోనే ప్రారంభించవలెను. ఈ మాట సిగ్గుతో వ్రాస్తున్నాము. మా మందిర ఆవరణలోని సెప్టిక్ ట్యాంకును గతములో ఇద్దరు మనుషులను పిలిపించి శుభ్రము చేయించాము. అడిగినదాని కంటె ఎక్కువ డబ్బు ఇచ్చాము కనుక మంచి చేశామనుకొన్నాము. వారు దిగే ముందు త్రాగుట చూచి మొగము త్రిప్పుకొన్నాము. అది చట్టరీత్యా నేరమని, వారిలో ఒక్కరు పడిపోయినా నేరస్థులము మేమేనని అప్పుడు తెలియదు. తెలియకపోవుట సాకు కాదు. మందిరములు, హాస్టళ్ళు, మిషను పాఠశాలలు, ఆసుపత్రులు గల సంఘములన్నియు ఇకమీదట యంత్రముతోనే చేయించెదమని కమిటీలో తీర్మానము వ్రాసికొనవలెను.

రెండవది, నమోదు. కేంద్ర ప్రభుత్వము 2023-24లో 'నమస్తే' అను పథకమును ప్రారంభించి, 2025-26 వరకు 349.70 కోట్ల రూపాయలను కేటాయించింది. మునిసిపాలిటీల ద్వారా మురుగు, సెప్టిక్ ట్యాంకు పనివారిని గుర్తించుట, రక్షణ సామగ్రి, ఆరోగ్య బీమా, యంత్రములు కొనుటకు సబ్సిడీ దీనిలోని ముఖ్యాంశములు. పేరు నమోదు కానివానికి ఇవేవియు అందవు. మస్టరులో పేరు లేని కాంట్రాక్టు కూలివాడు ఇక్కడే జారిపోవుచున్నాడు. తన సంఘములో ఈ పని చేయువారెవరో కాపరికి తెలుసు. వారితో కూడ మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళి పేరు ఉన్నదో లేదో చూచుట ఒక పూట పని.

మూడవది, కులధ్రువీకరణ చిక్కు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకు పరిమితము చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. కావున షెడ్యూల్డు కులములకై ఉద్దేశించిన ఋణములు, సబ్సిడీల యొద్ద మన కార్మికులు ఆగిపోవలసి వస్తున్నది. గోతిలోనికి దింపునప్పుడు ఎవరూ అడగని మతము, యంత్రము ఇచ్చునప్పుడు అడుగబడుచున్నది. ఈ ఉత్తర్వును గూర్చి ప్రత్యేకముగా వ్రాయవలసి యున్నది. ఇక్కడ చెప్పదగినది ఒక్కటే. కులము ఆధారముగా కాక, చేసిన పని ఆధారముగా ఇచ్చు పథకములేవో కాపరులు తెలిసికొని చెప్పవలెను. స్త్రీలందరికీ వర్తించు ఋణములను గూర్చి స్త్రీల సమాజములలో తెలియజేయవలెను.

నాలుగవది, యంత్రము రాకముందే అడుగుట. టెండరు పిలిచేటప్పుడే, పాత పనివారిని యంత్రము మీదికి తీసుకొనవలెనన్న షరతు ఉన్నదా అని కౌన్సిలరును, కమిషనరును అడుగవచ్చును. యంత్రము వచ్చి, కాంట్రాక్టరు తన మనుషులను పెట్టుకొన్న తరువాత అడిగితే జవాబుదారి ఉండడు. మేము తప్పినది ఇక్కడే.

ఐదవది, పిల్లలు. సంఘ నిధిలో నుండి ప్రతి సంవత్సరము ఒకరిద్దరికి డ్రైవింగు లైసెన్సు, ఐ.టి.ఐ. ఫీజు కట్టుట పెద్ద భారము కాదు. ద్వితీయోపదేశకాండములోని మంద, కళ్ళము, గానుగ నేడు లైసెన్సు, సర్టిఫికెట్టు, యంత్రములో భాగము అను రూపములలో ఉన్నవి.

ముగింపు

మా సహోదరుని సంగతి అడుగుదురు కనుక చెప్పుచున్నాము. ఆ సాయంకాలము తరువాత మేమును, ఇద్దరు సంఘ పెద్దలును మునిసిపల్ ఆఫీసుకు పలుమారులు తిరిగాము. చివరకు కాంట్రాక్టరు అతనిని యంత్రము వెంట సహాయకునిగా తీసుకొన్నాడు. ఏ గోతి దగ్గర బండి ఆపవలెనో డ్రైవరుకు చెప్పునది అతడే. జీతము మాత్రము డ్రైవరు జీతములో సగము కూడా లేదు. అతని పెద్ద కుమారుని లైసెన్సు కొరకు సంఘము ఫీజు కట్టినది, ఆ అబ్బాయి నేర్చుకొనుచున్నాడు. ఇది విజయగాథ కాదు. పని పోగొట్టుకొన్న మిగిలినవారు ఇంకను మా గుమ్మమునకు వస్తున్నారు.

ఆ ఆదివారము మేము చేసిన ప్రార్థన తప్పు కాదు. గోతిలో నుండి మనిషిని పైకి తీసిన దేనికైనను దేవునికి స్తోత్రము చెల్లించవలసినదే. కాని ఆ ప్రార్థన సగములో ఆగిపోయింది. ఈసారి మీ పట్టణమునకు యంత్రము వచ్చినప్పుడు కృతజ్ఞతా ప్రార్థన చేయుడి. ఆమేన్ అన్న తరువాత, మరునాడు సోమవారము ఉదయము పది గంటలకు, పని పోవుచున్నవానిని వెంటబెట్టుకొని మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళుడి. ఆ ప్రార్థనలో మిగిలిన సగము అక్కడ ఉన్నది.